శివుడి సినిమాలో అతికించిన మంచుకొండ

ఉదయగిరి సెలూన్లో రేడియో వార్తలు ఎవరూ వినరు. అది మోగుతా ఉంటేనే కత్తి నున్నగా గీస్తుందని షాపాయన నమ్మకం, అందుకని పెట్టేవాడు. ఆ పొద్దు నేను ఒక చెంప గీయించుకుని రెండో చెంప నిండా నురగతో కూచోనున్నాను. ఉత్తరాన సరిహద్దులో మంచు చరియ విరిగి జవాన్ల గుడారాల మీద పడిందనీ, వెతుకులాట జరుగుతా ఉందనీ చెప్పి, అంతే నిదానంగా పత్తి ధరల్లోకి పోయినారు. మా అన్న ఉండేది ఆ పక్క గుడారాల్లోనే. ఏ గుడారమో రేడియో చెప్పలేదు. నేను లేచి ఇంటికి నడిచినాను. నురగ తుడుచుకోలేదని బజారు సగం దాటినాక తెలిసింది.

ఊళ్ళో నేను నవ్వించేవాడి కింద లెక్క. ఇంటర్ తప్పి తిరిగేవాడికి ఊరు ఇచ్చే ఉద్యోగం అదొకటే. చావింటికి పోయినా నన్ను చూసి ఎవరో ఒకరు నవ్వు ఆపుకునేవాళ్ళు. ఆ పొద్దు దారంతా వెతికినాను, ఒక్క మాట కూడా తట్టలేదు.

నేను చేరేసరికి వార్త నాకన్నా ముందే చేరింది. అరుగు నిండా జనం. మా ఊళ్ళో ఎండకి రాళ్ళు పగులుతాయి. మంచుని దగ్గరగా చూసినవాడు ఊరు మొత్తానికి ఐస్‌ఫ్రూట్లు అమ్మే ఆయనొక్కడే. అయినా ఆ పొద్దు అందరూ మంచులో పండితులే. దూది లాగా ఉంటాదంట, మీద పడినా ఏం కాదని ఒకాయన. కాదు, గాజు పెళ్ళల లాగా ఉంటాదని, నరుకుతాదని ఇంకొకాయన. ఆ మాటకి మా అమ్మ గోడకి ఆనుకుని అట్టే కిందికి జారింది. మొదటాయన రెండో ఆయన్ని తిట్టినాడు. తర్వాత ఇద్దరూ మా ఇంట్లోనే కాఫీ తాగి కలిసి పోయినారు.

అమ్మ తేరుకుని మొదట చూసింది నా గడ్డాన్ని.

"ఏందిరా ఆ మొహం? పోయి పూర్తిగా గీయించుకో. మన ఇంట్లో ఎవరికీ ఏం కాలేదు, గడ్డం పెంచడానికి."

పోయి గీయించుకున్నాను. షాపాయన మాట్లాడకుండా పని చేసినాడు. ఆయన మాట్లాడకుండా గీసింది నా జన్మలో అదొక్కసారే, దాంతో నాకు భయం ఇంకా ఎక్కువైంది.

నాయన అన్న పటాలానికి టెలిగ్రాం కొట్టి వచ్చి, మర్నాటి నించి పోస్టాఫీసు మెట్ల మీద కూచోవడం మొదలుపెట్టినాడు. జవాబు వేరేవాళ్ళ చేతిలో పడకూడదంట. పోస్టుమాస్టరు చూసి చూసి ఆయనకి ఒక కుర్చీ వేయించినాడు. జవాబు రాలేదు.

వదిన ఏడవలేదు. ఇంట్లో మిగతా అందర్నీ భయపెట్టింది అదే. పెళ్ళయినాక అన్నతో ఆమె ఉన్నది ఒక్క సెలవు, అంతే. ఒక పొద్దున రోటి దగ్గర పప్పు రుబ్బుతా నన్ను పిలిచింది.

"అబ్బయా, అది ఎట్టుంటాది?"

"ఏది వదినా?"

"ఆ విరిగి పడేది."

"నాకేం తెలుసు? నేను చూసినదాంట్లో అన్నిటికన్నా చల్లంది సోడా బుడ్డి."

ఆమె నవ్వలేదు. నేను కూడా నవ్వుతుందని అనలేదు, నోటికి అలవాటు.

"మా పుట్టింట్లో బావి తవ్వతా ఉంటే దరి విరిగి పడింది. మనుషుల్ని బయటికి తీసేది చూసినా. కళ్ళు మూస్తే అదే కనిపిస్తా ఉండాది, మట్టికి బదులు తెల్లగా. నోట్లో, ముక్కుల్లో, అంతా తెల్లగా. అది అట్టుండదేమో గదా? అసల్ది ఒక్కసారి చూస్తే ఇది పోతాదేమో. ఎక్కడన్నా సినిమాలో తీసుంటారు. నువ్వు చూడని సినిమా లేదు గదా, వెతికి చూపించు."

సరేనన్నాను. కళ్ళు మూస్తే నాకు నాయన చేతిలో టెలిగ్రాం కనిపించేది, ఆ మాట ఆమెకి చెప్పలేదు.

మా వీధిలో మిలిటరీలో చేసి వచ్చిన సాయిబు ఒకాయన ఉండేవాడు. మేమంతా మామూ అనేవాళ్ళం. మంచు విరిగి పడేది చూసినావా అని ఆయన్ని అడిగినాను.

"నేను నౌకరీ చేసిందంతా ఇసకలో, బేటా. బరఫ్ నేను చూడలా. అయితే ఆత్మకూరు హాల్లో చూసినా. మెయిన్ పిక్చర్‌కి ముందర న్యూస్ రీల్ వేస్తారు చూడు, దాంట్లో. కొండకి కొండే కిందికి దిగింది."

"ఎప్పుడు మామూ?"

"నా మోకాళ్ళు బాగున్నప్పుడు."

ఆ గుర్తు పట్టుకుని ఆత్మకూరు బస్సెక్కినాను. అప్పట్లో ఏ సినిమా వేసినా ముందు న్యూస్ రీల్ వెయ్యాల్సిందే, అది చట్టం. వరదలూ, ఆనకట్టలూ, మంత్రులు రిబ్బన్లు కత్తిరించడమూ వస్తా ఉండేవి. జనానికి మాత్రం అది బీడీ ముట్టించుకోవడానికి సర్కారు ఇచ్చిన టైము. నేను కూడా వందసార్లు దాన్ని చూడకుండా బయట శనక్కాయలు కొనుక్కున్నవాడినే.

హాలు మేనేజరు నన్ను కిందినించి పైదాకా చూసినాడు.

"న్యూస్ రీల్ కావాల్నా? ఆపమని అరిచినోళ్ళే గానీ, కావాలని వచ్చినోణ్ణి నా సర్వీసులో చూడలేదబ్బా. అవి వారం వారం వెనక్కి పోతాయి. ఏ ఊళ్ళో తిరగతా ఉండాదో దేవుడికి తెలియాల."

ఎందుకు కావాలో చెప్పినాను. చెప్తా చెప్తా మధ్యలో దగ్గు వచ్చినట్టు నటించినాను, ఆయన నమ్మినట్టు నటించినాడు. మంచినీళ్ళు ఇప్పించినాడు.

"ఆ మంచుది నాకు గుర్తుండాది. మిషన్లో ఇరుక్కుని తెగింది. అప్పటి ఆపరేటర్ తెగిన ముక్కని పారేసే రకం కాదు. ఇప్పుడు వింజమూరు డేరా హాల్లో ఉండాడు, పో."

వింజమూరు డేరా వెనక, సినిమా పెట్టెల మీద దుప్పటి పరుచుకుని ఆపరేటర్ నిద్రపోతా ఉన్నాడు. లేపితే విసుక్కోలేదు, ముక్కల గురించి అడగడానికి ఒకడు వచ్చినాడంటే ఆయనకి పండగ. డేరా హాళ్ళకి వచ్చే ప్రింట్లు ఊళ్ళన్నీ తిరిగి అరిగినవి. ఒక్కో ఊరి మిషనూ కొంచెం నమిలి పంపిస్తుంది. తెగిన చోట ఆపరేటర్ తన బిస్కెట్ల డబ్బాలోనించి ఏదో ఒక ముక్క తీసి అతికించి కథ నడిపిస్తాడు. ఒకసారి పెళ్ళి సీన్లో తల వంచింది ఒక హీరోయినూ, ఎత్తింది ఇంకో హీరోయినూ అంట. జనం ఏమీ అనలేదా అంటే, "ఈమే బాగుండాదన్నారు" అన్నాడు.

"మంచుకొండ విరిగేది ఉండాదా అన్నా?"

"ఉండాది."

"ఏదీ?"

"శివుడి దగ్గరుండాది."

ఆ వారం ఆడతా ఉన్నది పాత శివుడి సినిమా. తాండవం దగ్గర రీలు చానా దూరం పోయిందంట. "శివుడికి కోపమొస్తే కైలాసం కదలాల గదా? సినిమావోళ్ళు అట్టముక్కలు ఊపినారు, అదీ తెగిపోయింది. నేను నిజం కొండనే పెట్టినా. రోజూ అక్కడ టెంకాయలు కొడతా ఉండారు."

డబ్బాలో ఇంకో ముక్క ఉందన్నాడు. అదే రీల్లో కొండ విరిగినాక వచ్చేది. మనుషులు కనిపిస్తారని, కైలాసంలో ప్యాంట్లు బాగుండవని పక్కన పెట్టినాడు. దాన్ని తీసుకుని ఎండకి పట్టినాను. చీమలంత మనుషులు, చేతుల్లో పొడుగాటి కట్టెలు, మంచులో గుచ్చి గుచ్చి చూస్తా ఉన్నారు. కిందికి పోయేకొద్దీ ఒకడు మోకాళ్ళ మీద కూచున్నాడు. ఆ తర్వాత మంచులోనించి మణికట్టు దాకా ఒక చెయ్యి. అక్కడితో ముక్క అయిపోయింది.

ఒక్కో బొమ్మనీ దగ్గరగా పెట్టుకుని చూసినాను. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ వేళ్ళు కొంచెం తేడాగా ఉన్నట్టే ఉంది. కానీ నా చెయ్యి కూడా వణకతా ఉంది. ఏది కదులుతా ఉందో తేల్చలేకపోయినాను. ఎండలో నిలబడి చలి పుట్టడమంటే ఏందో ఆ పొద్దు తెలిసింది.

ఈ ముక్క వదినకి చూపించాలా? కొండ పడేది ఒక్కటే చూస్తే దాని కింద ఇక ఏమీ మిగలదనుకుంటుంది. ఇది చూస్తే, వెతికేవాళ్ళు ఉంటారని తెలుస్తుంది. దొరికిన చెయ్యి బతికినవాడిదో కాదో మాత్రం తెలియదు. రెండిట్లో ఏది తక్కువ భయమో ఎంచలేక ఆపరేటర్ మొహం చూసినాను. ఆయన ఆవలించినాడు.

"అన్నా, ఇది కూడా అతికించు. రేపు సాయంత్రం ఆటకి, ఒక్కసారి."

"శివుడి కోపం మధ్యలో ఎవుర్నో తవ్వితే జనం ఒప్పుకుంటారా?"

విషయం చెప్పినాను. ఆయన రెండో ఆవలింత మధ్యలో ఆగిపోయింది. కత్తెర వెతుక్కున్నాడు.

మర్నాడు వదినతో పాటు అమ్మ కూడా బయల్దేరింది, నాయన పోస్టాఫీసు కుర్చీ వదిలి వచ్చినాడు. వీధిలో అప్పుడే గుసగుసలు: కొడుకు మంచు కింద ఉంటే వీళ్ళు సినిమాకి పోతా ఉండారు. నాయన అరుగు మీదవాళ్ళ వైపు తిరిగి, "శివుడి సినిమా. మొక్కుబడి" అన్నాడు. ఆయన ఆ వారంలో మాట్లాడిన మొదటి మాట, అది కూడా అబద్ధం.

డేరాలో ఆడవాళ్ళది ఒక పక్క, మగవాళ్ళది ఒక పక్క, మధ్యలో మోకాలెత్తు మట్టిగోడ. నేను గోడ పక్కనే కూచున్నాను. శివుడు రాగానే జనం చెప్పులు విడిచినారు. తాండవం మొదలైంది. నేను తెర వైపు చూడలేదు, వదిన మొహం చూస్తా ఉన్నాను. ఉన్నట్టుండి డేరా అంతా తెల్లబడింది. చీకట్లో కనపడని మొహాలన్నీ, ఆమెదీ, అమ్మదీ, ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినాయి.

అప్పుడు తిరిగి చూసినాను. కొండ కదలకుండా ఉంది. దాని భుజం మీద సన్నని గీత ఒకటి పడింది. ఆ గీత కింద ఉన్నదంతా, తొందర లేకుండా, జారడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు; ఆపరేటర్ సౌండు తగ్గించినాడు. పొగ లేచింది. పొగ మా మీదికే వస్తా ఉంది. ముందు వరసలో పిల్లలు వెనక్కి జరిగినారు. నేను కూడా జరిగినాను. ఎవరో టెంకాయ కొట్టినారు, హరహర అని అరుపులు. సౌండు ఒక్క క్షణం జారి, న్యూస్ రీల్ గొంతు "సహాయక చర్యలు" అని ఆగిపోయింది. అది అశరీరవాణి అనుకుని జనం దండాలు పెట్టినారు.

తర్వాత కట్టెలు పట్టుకున్న మనుషులు.

"శివుడి కాళ్ళ కింద ఆ ప్యాంట్లోళ్ళు ఎవుర్రా?" అని నా వెనకాల ఒకడు.

"ప్రమథ గణాలు లేరా, మూసుకుని చూడు" అని ఇంకొకడు.

వేరే రోజైతే ఆ మాట అన్నవాడు నేనే అయ్యుండేవాణ్ణి. చెయ్యి కనిపించింది. ఆ వెంటనే శివుడు మళ్ళీ తాండవంలోకి వచ్చినాడు. నాయన తల వంచుకుని తన అరచేతుల్ని చూసుకుంటా ఉన్నాడు.

బయటికి వచ్చినాక వదిన అడిగింది ఒకటే.

"ఆ చెయ్యి కదిలిందా అబ్బయా?"

"తెలీదు వదినా. ముక్క అక్కడికే అయిపోయింది."

కదిలిందని చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. బస్సులో ఆమె, "మట్టి లాగా లేదు. పొగ లాగా ఉండాది. దాంట్లోనించి ఎటు పరిగెత్తాల?" అంది. బావి పోయింది, దాని స్థానంలో ఇది వచ్చింది. అంతవరకే నేను చేయగలిగింది.

టెలిగ్రాం తర్వాత వచ్చింది. అన్న బతికే ఉన్నాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, కాలివేళ్ళకి చలి కొట్టింది. పోస్టాఫీసు మెట్ల మీద నాయన దాన్ని చదివించుకుని, ఇంకోసారి చదివించుకుని, కుర్చీ మడిచి లోపల పెట్టించి వచ్చినాడు.

మే నెలలో అన్న సెలవు మీద వచ్చినాడు. ఊరంతా గొడుగుల కింద దాక్కుంటే ఆయన ఎండలో మంచం వాల్చుకుని దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. మంచు సంగతి ఎవరడిగినా, "చలిగా ఉంటాది" అనేవాడు. సినిమా సంగతి మేమూ చెప్పలేదు. వదిన ఆయన పక్కనే కూచునేది, తలుపు పడిన చప్పుడైనా ఉలిక్కిపడేది. ఆయన ఉలిక్కిపడేవాడు కాదు. అది చూసి నాకు ఇంకా భయమేసేది.

సెలవు అయిపోయింది. బస్టాండుకి అందరం పోయినాం. అమ్మ ఏడ్చింది, నాయన దగ్గినాడు, బస్సు కదిలింది, చేతులు ఊపినాం. నాలుగు అంగళ్ళు దాటి బస్సు ఆగింది. డ్రైవరు దిగి టీ తాగడానికి పోయినాడు. ఇంకా ఊపాలో దించాలో తెలియక చేతులు గాల్లోనే పెట్టుకుని నిలబడినాం.

వదిన మాత్రం గబగబా నడిచి కిటికీ దగ్గరికి పోయింది. నేనూ వెనకే పోయినాను.

"అది వచ్చేటప్పుడు పరిగెత్తబాక" అంది. "ఒక చెయ్యి పైకి ఎత్తి పెట్టుకో. ఎంత బరువు పడినా దించబాక."

అన్న మొహంలో రంగు పోయింది. సెలవంతా ఆ మొహంలో నేను చూడని భయం అప్పుడు చూసినాను.

"మాకు అక్కడ నేర్పించేది అదే. నీకెవరు చెప్పినారు?"

"సినిమాలో చూసినా."

అన్న నా వైపు చూసినాడు. నేను ఏమన్నా అంటానని ఇద్దరూ ఎదురుచూసినట్టుంది. నేను కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడినాను. డ్రైవరు వచ్చి, "జరుగబ్బా" అన్నాడు. జరిగినాను. ఈసారి బస్సు ఆగకుండా పోయింది.