కామాక్షి తెల్ల ఎలుకలు

అమలాపురం కాలేజీలో జువాలజీ చెప్పే కామాక్షి పీహెచ్‌డీలో చేరిన ఏడాది, అంటే డెబ్భై తొమ్మిదిలో, బోనులనిండా తెల్ల ఎలుకలు కోటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి వచ్చాయి. కాలేజీలో వాటికి గది దొరకలేదు. కామాక్షి తన ఇంటి పెరట్లో సామాన్ల కొట్టు ఖాళీ చేయించింది. వేదం చదువుకున్న ఇంట్లో ఈ ఎలుకలేమిటని చుట్టాలు గొణిగితే, అత్తగారు శేషమ్మ, "కోడలి చదువు కదండీ, ఉండనివ్వండి" అనేసింది.

కామాక్షికి కావలసింది తొందరగా మానని పుండు. ఆస్పిరిన్ ఒక్కసారి ఎక్కువగా పట్టిస్తే ఎలుక కడుపు లోపలి పొర పుండవుతుంది, కానీ నాలుగు రోజుల్లో మానిపోతుంది. మనుషుల పుండ్లు ఏళ్ల తరబడి వేధిస్తాయి. అలాంటిది ఎలుకలో నిలిస్తేనే ఏ మందు పనిచేస్తుందో చూడవచ్చు. అందుకని రోజూ పరగడుపున కొద్దికొద్దిగా మందు పట్టించి, మధ్యాహ్నం దాకా మేత పెట్టేది కాదు. తీరా కోసి చూస్తే కొన్నిటి పొర ఒరిసిపోయి ఉండేది, కొన్నిటిది నున్నగా ఉండేది.

"ఇలా పొంతన లేకుండా వస్తే ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు గైడుగారు. మానేద్దామా అనుకుంది.

ఒకరోజు క్లాసు లేక పెందలాడే ఇంటికొచ్చేసరికి, శేషమ్మ కొట్టులో కూర్చుని కొబ్బరిచిప్పతో బోనులో పాలు పోస్తోంది.

"అత్తయ్యగారూ, ఏంటండీ ఇది?"

"ఉత్త కడుపులో ఆ మాత్ర ఎంత మండుతుందో నాకు తెలుసమ్మా. మరీ నీరసించినవాటికే పోస్తున్నాన్లే."

ఏడాది కష్టం పాలపాలయింది. కామాక్షికి కోపం ముంచుకొచ్చింది. కానీ 'నాకు తెలుసు' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"మీకెలా తెలుసండీ?"

"మోకాళ్ల నొప్పికి రోజూ ఆ మాత్రే మింగుతున్నానుగా. అది లేకపోతే పూజ పీట మీద కూర్చోలేను. పూజ అయ్యేదాకా ఇంకేమీ ముట్టను."

"మరి మీరు పాలు తాగరేం?"

"నాకెందుకే" అంది శేషమ్మ.

కామాక్షి ఆవిడ పక్కనే నేల మీద కూలబడింది. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఆ మాత్రలు మాన్పించి, ఆవిడ కడుపులో పుండుకి వేరే మందు చీటీ రాసిచ్చేరు.

కామాక్షి పని మళ్లీ మొదటికొచ్చింది. "నేనిక్కడుంటే నా చెయ్యి ఊరుకోదమ్మా" అంటూ శేషమ్మ ముమ్మిడివరంలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. ఈసారి పుండ్లు అన్నిటికీ ఒక్కతీరుగా పడ్డాయి, వారాలు గడిచినా మానలేదు. బల్ల మీద వాటిని చూసినప్పుడు సంతోషమో బాధో కామాక్షికే తెలియలేదు.

పట్టా వచ్చాక, ముమ్మిడివరం నుంచి తిరిగొచ్చిన శేషమ్మ వీధి వీధంతా చెప్పింది: "మా కోడలు పొట్టల డాక్టరండీ, ఆయ్." వారం తిరక్కుండానే కడుపునొప్పివాళ్లు అరుగు మీద వరసకట్టేరు. తను ఆ డాక్టరు కాదని ఒక్కొక్కరికీ చెప్పి, మజ్జిగిచ్చి, కామాక్షి వాళ్లని ఆస్పత్రికి పంపేది.