అత్త కూర్చున్న మోటారు సీటు

ఆ రోజుల్లో మా కామాటిపురా చాల్‌లో గది పేరుకే ఇల్లు. వంట, పడక తప్ప మిగతా బతుకంతా గదుల ముందున్న పొడుగాటి గ్యాలరీలోనే గడిచేది. మొదటి గదిలో తాలింపు వేస్తే చివరి గదిలో తుమ్మేవాళ్లు. అలాంటి చోట నేనొక రహస్యం దాచగలననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా ధైర్యానికి నాకే నవ్వొస్తుంది.

అప్పటికి నేను ఫోరస్ రోడ్ పక్క సందులో ఒక గ్యారేజీలో కార్ల సీట్లు కుట్టేవాణ్ణి. మా తాతా, నాన్నా గోడలు కట్టిన మనుషులు. నాన్న ఏ గోడకైనా ఒక తట్ట సున్నం మాలు ఎక్కువే వేయించేవాడు. "జర ఎక్కువుంటే నష్టమేంది? గట్టిగుంటది" అనేవాడు. ఆ బుద్ధి నాకు వారసత్వంగా వచ్చింది (వేరే ఆస్తులేవీ లేవు గనక). ఒకసారి టాపు మడిచే పాతకాలపు విదేశీ కారొకటి మా గ్యారేజీకి వచ్చింది. దాన్ని బాగు చేయించి, ఆదివారం కూతురి పెళ్లి ఊరేగింపులో వధూవరుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టాలని దాని యజమాని షేట్ ముచ్చట. ఆ వెనక సీటూ, లోపలి పక్క పలకలూ మా గ్యారేజీ ఉస్తాద్ నాకే అప్పగించాడు. పలకలకు రెగ్జిన్ తొడిగి ముడత లేకుండా బిగించాను. సీటులో కొబ్బరిపీచు, దూది మాత్రం మా నాన్న లెక్కన కూరాను. తీరా పెడితే అది పలకల మధ్య సగం దిగి ఆగిపోయింది. కిందున్న కొక్కేల్లో పడితే తప్ప సీటు నిలవదు. నేనూ ఉస్తాదూ ఎక్కి తొక్కినా కదల్లేదు. విప్పి కుట్టే వ్యవధీ లేదు. "కిసీ వజన్‌దార్ ఆద్మీకో బిఠావ్ బేటా" అన్నాడు ఉస్తాద్. బరువైన మనిషి కూర్చుంటే దూది అదే అణుగుతుందట.

మా అంతస్తులో బరువైన మనిషి ఒక్కరే, మా మేనత్త. ఆమె కూతురంటే నాకు ప్రాణం. అత్తకేమో ఒంటి సంగతెత్తితే ఎక్కడలేని కోపం. వర్లి నుంచి వచ్చిన ఒక సంబంధం, పిల్లవాడి తండ్రి "వియ్యపురాలికి వేరే టాక్సీ కావాలె" అని నవ్విన పాపానికి చాయ్ సగంలోనే లేచిపోవాల్సి వచ్చింది. అసలు సంగతి తెలిస్తే నాకూ అదే గతి. అయినా గత్యంతరం లేక, సీటును తోపుడుబండి మీద వేసుకొచ్చి గ్యాలరీలో పెట్టాను.

"అత్తా, జర కూసొని మెత్తగున్నదో లేదో చెప్పు. నీ అసుంటి పెద్దమనిషి కూసుంటే శుభం."

"నాకేం తెల్సురా మోటార్ల సంగతి?" అంటూనే కూర్చుంది. దూది నిట్టూర్చింది.

ఇక పొద్దున్నుంచి సాయంత్రం దాకా, బీడీల చాట ఒళ్లో పెట్టుకుని అత్త దాని మీదే. పోయేవాళ్లనీ వచ్చేవాళ్లనీ ఆపి మరీ "మా అల్లుడు నన్ను కింద కూసోనిస్తలేడు" అని చెప్పుకునేది. మంచినీళ్లకు లేవబోతే నేనే పరుగెత్తి తెచ్చేవాణ్ణి (ఆమె లేస్తే దూదీ లేస్తుందని నా భయం). "అల్లుడంటే గిట్లుండాలె" అని పక్కగది ముసలమ్మ మెచ్చుకుంటుంటే నేను తల దించుకునేవాణ్ణి. గడపలో నిలబడిన మరదలు మాత్రం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. అది చూస్తే నాకు ముచ్చెమటలు పట్టేవి.

ఆదివారం పొద్దున గ్యారేజీకి మోసుకెళ్లి కార్లో పెడితే సీటు చాలావరకు దిగింది. ఒక్క వేలెడు మిగిలిపోయింది. షేట్ డ్రైవర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఉస్తాద్ తల పట్టుకున్నాడు. అంతలో పండగ చీర కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని అత్త దిగింది.

"ఇంక దిగలేదా?" అంది. నన్ను పక్కకు జరిపి, తలుపు పట్టుకుని కారెక్కి, వెనక సీట్లో కూలబడింది. టక్కుమని కొక్కేలు పడ్డాయి.

"అత్తా... నీకు తెల్సా?"

"తొలినాడే తెల్సురా. పెద్దమనిషే కావాల్నంటే కింది గదిల పంతులు లేడా? పుల్ల లెక్కుంటడని ఆయన్ని పిలవలే నువ్వు."

"మరి కోపం రాలే?"

"వర్లోడు నా ఒళ్లు చూసి నవ్విండు. నువ్వు నా ఒంటికి పని చెప్పినవ్. పనికొచ్చే ఒంటికి సిగ్గేందిరా? గని ఉత్తగనే దిగ. ఒక చక్కర్ కొట్టియ్."

కారు పరీక్షించాలన్న వంకతో ఉస్తాద్ టాపు మడిచి బండి తీశాడు. ఫోరస్ రోడ్ మీద షేట్ కూతురి కంటే ముందు మా అత్త ఊరేగింది. పక్కన కూతురు. ముందు కూర్చున్న నేను, సీటెలా ఉందో చూస్తున్నట్టు మాటిమాటికీ వెనక్కి తిరిగాను. ఆ దసరా వెళ్లాక అత్త ఆ పిల్లను నాకే ఇచ్చింది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. మేనత్త పోలిక ఊరికే పోతుందా, ఇప్పుడా ఒళ్లు నాకొచ్చింది. మొన్న పాలమూరు ప్రయాణానికి బట్టలు సర్దుతూ మనవరాలు పిలిచింది. "తాతా, జర ఈ సూట్‌కేస్ మీద కూసో. నీ అసుంటి పెద్దమనిషి కూసుంటే శుభమంట, నానమ్మ చెప్పింది." వంటింటి గడపలో నా భార్య పెదవి బిగబట్టి నిలబడి ఉంది. ఏమీ తెలియనట్టే వెళ్లి కూర్చున్నాను. టక్కుమంది. అన్నీ తెలిసి కూడా నా కోసం అన్నాళ్లు కూర్చున్న అత్త గుర్తొచ్చి కళ్లు తడయ్యాయి.

"ఉత్తగనే లేవ" అన్నాను. "ఒక చాయ్ తెమ్మను."