మట్టక్క రాసిన చీటీలు

ఎర్రమట్టిని వేళ్ళ మధ్య నలిపి, ఆ నేల మీద ఒకప్పుడు ఎలాంటి వానలు పడ్డాయో చెప్పేసే మనిషిని ఇరవై రెండేళ్ళు దినకూలీగానే ఉంచారంటే, ఆ మట్టి పరిశోధన ఆఫీసు వాళ్ళని ఏమనాలో మీరే చెప్పండి. ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎవరికీ పట్టలేదు. అందరికీ మట్టక్కే.

ఆవిడ పనేమిటో చెప్తాను, వినండి. మట్టిని పొడిచేసి, పొడుగాటి గాజు గొట్టాల్లో నీళ్ళు పోసి గిలక్కొట్టాలి. ఇసుక ముందే అడుక్కి దిగిపోతుంది. సన్నటి బంకమట్టి గంటల తరబడి తేలుతూ ఉంటుంది. సరిగ్గా సమయం చూసి ఆ పై నీళ్ళు తీసి, గాజుపలక మీద ఆరబెట్టి, ఎక్స్‌రే మిషను గదికి పంపాలి. బంకలో రకాలున్నాయి. వేల ఏళ్ళు జోరున వానలు కడిగేసిన నేలలో కేయోలినైట్ మిగులుతుంది, వేళ్ళకి పౌడరులా తగులుతుంది. నాలుగు రోజులు వాన పడి, ఆపైన నెలల తరబడి ఎండ కాసే చోట స్మెక్టైట్ పుడుతుంది. తడిపితే ఉబ్బి, వేళ్ళని పట్టుకుని వదలదు. మిషను చెప్పేలోపే మట్టక్క వేళ్ళు చెప్పేసేవి. పెద్దసారుకి అదే గిట్టేది కాదు.

పెద్దసారంటే ఆ విభాగానికి పెద్ద. మట్టక్కని పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. యాభై దాటితే ఇక చెయ్యరు. ఆవిడకి యాభై నిండటానికి ఏడు నెలలే ఉంది. మొగుడు టైలరు. చూపు మందగించి కుట్టుమిషను మూలన పెట్టేశాడు. రోజూ ఆవిడ చెప్పులు విప్పకముందే, సారు ఏమన్నాడని అడిగేవాడు.

అప్పుడే ఒక గుట్ట పక్కన రెండు నిలువుల గొయ్యి తవ్వించారు. మట్టక్కే దిగి, గోడ గీకి పద్నాలుగు సంచులు నింపింది. కింద నుంచి పైకి గీకుతూ రావాలి. పైనుంచి దిగితే రాలిన మట్టి కింది పొరల్లో కలిసిపోతుంది. అందుకని అట్టడుగు సంచికి "మొదలు" అని, నేల మీది సంచికి "కొస" అని చీటీలు కట్టింది. చెట్టు మొదలు కింద కాక నెత్తిన ఉంటుందా? ఏళ్ళ తరబడి అలాగే రాస్తోంది, పాతవాళ్ళందరికీ తెలుసు. ఈసారి లెక్కలు వేసిన పిల్ల కొత్తది. పట్టా కోసం పెద్దసారు దగ్గర పరిశోధన చేస్తోంది, అక్కా అక్కా అంటూ మట్టక్క కొంగు పట్టుకు తిరిగేది. మొదలంటే గొయ్యి మొదలయ్యే చోటు, అంటే పైభాగం అనుకుని చక్కగా పప్పులో కాలేసింది.

దాంతో వాతావరణం తల్లకిందులైంది. ఒకప్పుడు వానల్లో నాని, తర్వాత ఎండిపోయిన నేల కాస్తా, ఎప్పుడో ఎండి తర్వాత తడిసిన నేలగా మారింది. ఇంతవరకూ ఎవరూ చెప్పని సంగతి కనిపెట్టానని పెద్దసారు ఉబ్బితబ్బిబ్బై వ్యాసం రాసేశాడు. గోడకి అంటించిన పొరల బొమ్మలో అడుగు మట్టి పైన ఉండటం మట్టక్క కంటపడింది. పిల్లకి చెప్పింది. ఇద్దరూ ఆయన దగ్గరికి పరుగెత్తారు. వ్యాసం అచ్చుకి పోవడానికి ఇంకా వారం టైముంది.

"మట్టి మోసేవాళ్ళ దగ్గరా నువ్వు పాఠాలు నేర్చుకునేది?" అన్నాడాయన పిల్లతో. మట్టక్క వైపు చూడను కూడా చూడలేదు. వ్యాసం అలాగే అచ్చయింది.

నాలుగు నెలలకి వేరే ఊరి శాస్త్రవేత్తలొచ్చి, ఆ పక్కనే ఇంకో గొయ్యి తవ్వి, అంతా తప్పని తేల్చేశారు. పైవాళ్ళు విచారణ వేశారు. అప్పుడు పెద్దసారుకి మట్టక్క గుర్తొచ్చింది. పిలిచి కుర్చీ వేసి టీ తెప్పించాడు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టాడు. అందులో ఏముందని ఆవిడ అడిగింది.

"సంచుల మీద చీటీలు నువ్వే రాశావని. రాయలేదా?"

"రాశాను సార్."

"మరింకేం, పెట్టు. నీ ఫైలు కూడా రేపే కదిలిస్తాను."

నిజమే కదా అని పెట్టేసింది.

పది రోజులకి కవరొచ్చింది. అచ్చులో తన పేరూ, కింద గుండ్రటి సీలూ కనిపించేసరికి ఆవిడకి కాలు నేల మీద నిలవలేదు. చదివించుకునే ఓపిక కూడా లేక, కొట్టుకి పోయి బిస్కెట్లు తెచ్చి అందరికీ పంచింది. ఆ ఉత్తరం టైపు చేసిన గుమాస్తా ఒకటి తీసుకుని, "సంతోషం అక్కా" అన్నాడు. పెద్దసారు రెండు తీసుకున్నాడు. సిగ్గులేని ముండాకొడుకులు, ఒక్కడికైనా గొంతులో అడ్డం పడలేదు.

చివరికి పిల్లకీ ఒక బిస్కెట్టు పెట్టి, ఎప్పట్నుంచి పర్మనెంటో చదివి చెప్పమంది. పిల్ల కాగితం తిరిగి మడవబోయింది. ఆవిడ వదలకపోతే చదివింది. చీటీలు తప్పుగా రాసి సంస్థ పరువు తీసినట్టు స్వయంగా ఒప్పుకున్నందువల్ల ఈ రోజునుంచి పనిలోంచి తీసేస్తున్నామని ఉంది. వెనక జతచేసిన కాగితంలో మట్టక్క సంతకం కింద, సాక్షిగా ఇంకో సంతకం. గాజుపలకల డబ్బాల మీద రోజూ చూసేదే.

"ఇది నీదే కదే?"

"నా పట్టా మీద కూడా ఆయనే సంతకం పెట్టాలక్కా."

మట్టక్క కాగితాలు మడిచి కవర్లో పెట్టుకుంది.

"ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే, ఈ బిస్కెట్లయినా కొనకుండా ఉండేదాన్ని" అంది.