బొటనవేలి సినిమా

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సినిమా చూసేవాళ్ళు తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. నేను రెండో రకం. పామర్రు దాటాక కాలవ గట్టు పట్టుకుని కొంతదూరం వెళ్తే మా ఊరు. సినిమా హాలంటే గుడివాడ వెళ్ళాల్సిందే. మా నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి కూతురు శనివారం టిక్కెట్ల లైన్లో నిలబడితే ఏం బాగుంటుంది? ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, నేనూ అడగలేదు. అడగకుండానే తేలిపోయిన సంగతులు ప్రతి ఇంట్లోనూ కొన్ని ఉంటాయి. మా ఇంట్లో సినిమా అలాంటిది.

అయినా సరే, నా దగ్గర సినిమాల ర్యాంకులు ఉండేవి. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. కుడిచేతి బొటనవేలు ఫస్టు, చూపుడువేలు సెకండు, అలా చిటికెన వేలి దాకా. కొత్త కథ విన్నప్పుడల్లా సినిమాలు ఒక వేలి మీంచి ఇంకో వేలి మీదికి దిగేవి. చిటికెన వేలి మీదున్నది జారిపోయిన రోజు నాకు నిజంగానే బెంగగా ఉండేది. వాటిలో ఒక్కటీ నేను కంటితో చూసింది కాదు, అన్నీ పక్కింటి అక్క చెప్పినవే.

పక్కింటి అక్క బట్టలు కుట్టేది. పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. కుడికాలితోనే మిషను తొక్కేది. నెలకోసారి దారాలు, హుక్కులు, లైనింగు గుడ్డ కొనడానికి గుడివాడ వెళ్ళేది. అంతదూరం వెళ్ళి ఊరికే రావడమెందుకని మ్యాటనీ కూడా చూసుకుని వచ్చేది. మర్నాడు సాయంత్రం వాళ్ళ వసారాలో పిల్లలమంతా చాపల మీద చేరేవాళ్ళం. అక్క కుడుతూనే కథ చెప్పేది. విలన్ వచ్చాడంటే మిషను టకటకా పరుగెత్తేది. హీరోయిన్ ఏడిస్తే మెల్లగా నడిచేది. ఫైటింగు వస్తే మాత్రం పని ఆపి, కత్తెర దూరంగా పెట్టి, రెండు చేతులతో చూపించేది. పాట దగ్గరికొచ్చేసరికి, "ఇక్కడో పాటుందర్రా, నా గొంతు బాలేదు, మీరే ఊహించుకోండి" అని దాటేసేది. అక్క గొంతు ఏ రోజూ బాగున్నట్టు నాకు గుర్తులేదు.

మా మామ్మకి, అంటే మా నాన్నగారి తల్లికి, సినిమా మాటంటేనే గిట్టదు. ఆ పాపిష్టి బొమ్మల కబుర్లు వినకపోతే ఏం కొంపమునిగింది అని నన్ను కసిరేది. అలా కసిరి, చేటలో బియ్యం పోసుకుని, అక్క గొంతు బాగా వినపడేచోట మా గుమ్మం వెనకాల కూర్చునేది. కథ అయ్యేదాకా ఆ బియ్యంలో రాళ్ళు ఏరడం అయ్యేది కాదు. మామ్మకి చూపు తగ్గిందేమో పాపం అనుకునేదాన్ని. ఎంత అమాయకత్వం!

నా బొటనవేలి మీద చాలాకాలంగా కదలకుండా కూర్చున్నది అక్కాచెల్లెళ్ళ సినిమా. దాని పేరు చెప్పను. చెబితే మీరు వెతికి చూసి నాతో గొడవకొస్తారు. అందులో అక్కకి ఒక కాలు అవిటి. మిషను కుట్టి చెల్లెల్ని చదివిస్తుంది. ఓ గొప్పింటి అబ్బాయి చెల్లెల్ని ఇష్టపడతాడు. ఇలాంటి అక్క ఉన్న ఇంటితో మాకు వియ్యమేంటని అబ్బాయి తల్లి ఈసడించుకుంటుంటే, గుమ్మంలో నిలబడి ఆ అక్క వినేస్తుంది. అక్కడ ఇంటర్వెల్.

ఆ తర్వాత కథే నాకు ప్రాణం. ఆ అక్క ఒక్క మాట అనదు. చెల్లెలి పెళ్ళి జరగనిచ్చి, మర్నాడే మిషను బండికెక్కించుకుని పట్నం వెళ్ళి షాపు పెడుతుంది. కొన్నేళ్ళకి ఆ గొప్పింటావిడే, ఎవరి షాపో తెలియక, జాకెట్టు గుడ్డ పంపిస్తుంది. జన్మలో అంత బాగా కుదిరిన జాకెట్టు ఆవిడ తొడుక్కోలేదు. కుట్టిందెవరో చూద్దామని కారు దిగి వస్తుంది. చూసి, గుర్తుపట్టి, మా ఇంటికి రామ్మా అని పిలుస్తుంది. అప్పుడు ఆ అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తల కూడా ఎత్తకుండా, "తీరిక లేదండీ, పెళ్ళిళ్ళ సీజను" అంటుంది. అబ్బ! ఆ మాటకి మేం కొట్టిన చప్పట్లకి కాలవ అవతల కుక్కలు మొరిగేవి. ఆ ఒక్క ముక్క కోసం ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నామో.

ఆ వేసవి సెలవులకి మా గుడివాడ బావ వచ్చాడు. మా మావయ్య కొడుకు, నాకన్నా కాస్త పెద్ద. సినిమా హాలు పక్క వీధిలోనే వాళ్ళిల్లు కాబట్టి సినిమాలన్నీ తనే తీసినట్టు మాట్లాడేవాడు. వాడి ర్యాంకులు ఫైటింగుల్ని బట్టి. వాడి ఫస్టు పాము పగబట్టే సినిమా. కంటితో చూడనిదానివి నీకు ర్యాంకులేంటే అని నన్ను రోజూ ఏడిపించేవాడు. దానికితోడు ఇంకో పేచీ మొదలుపెట్టాడు. వాడు చూసిన పడవ సినిమాలో తమ్ముడు చచ్చిపోయాడట. అక్క చెప్పినదాంట్లో చేపల కావిడితో ఇంటికొచ్చేశాడు. "మీ అక్క కోతలు కోస్తోందే" అన్నాడు. నేను వాడి జుట్టు పట్టుకున్నాను. పెద్దవాళ్ళొచ్చి విడదీశారు.

సరిగ్గా అప్పుడే నా బొటనవేలి సినిమా గుడివాడలో మళ్ళీ వేశారు. బావని చూడ్డానికి వచ్చిన మావయ్య ఈ గొడవంతా విని, ఇద్దర్నీ తీసుకెళ్ళి చూపించేస్తే పీడా పోతుందన్నాడు. మా నాన్నగారి ముందు నిలబడి "చిన్నపిల్లలు కదండీ బావగారూ" అని నసిగాడు. నాన్నగారు పేపర్లోంచి తల ఎత్తలేదు. వద్దనలేదు కాబట్టి వెళ్ళమన్నట్టేనని మావయ్యే తీర్పు చెప్పి, మోటారు సైకిలు స్టార్ట్ చేశాడు.

అలా నేను మొదటిసారి సినిమా హాల్లో కూర్చున్నాను. ఇంటర్వెల్ దాకా నా ఆనందం చెప్పలేను. అన్నీ అక్క చెప్పినట్టే, మాటకి మాట. బావకేసి గర్వంగా చూశాను కూడా. ఇంటర్వెల్ అయ్యాక మావయ్య నిద్రపోయాడు. తెర మీద ఆ అక్క, చెల్లెలి పెళ్ళికి తను అడ్డం ఉండకూడదని, ఏడుస్తూ పాడుకుంటూ ఏట్లోకి నడిచి వెళ్ళిపోయింది. మునిగిపోయాక కూడా నేను లేస్తుందనే చూస్తున్నాను. షాపు పెట్టాలిగా మరి! అందరూ ఏడ్చారు, పెళ్ళయింది, ఆ అక్క ఫొటోకి దండ వేశారు, శుభం అని పడింది. జనం లేచిపోతున్నారు. నేను లేవలేదు.

"జాకెట్టేదే? పెళ్ళిళ్ళ సీజనేదే?" బావ ఎగిరి గంతేశాడు.

నా ఫస్టు సినిమా పోయిందన్న బాధ నిజమే, కానీ అది కాసేపే. అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. రేపు సాయంత్రం వీడు అందరి ముందూ లేచి ఈ కథ చెబుతాడు. మిషను తొక్కుతున్న అక్క ముందు నిలబడి, అలాంటి కాలున్న పిల్ల అడ్డమని చచ్చిపోయింది, అందరూ సుఖపడ్డారు అని చెబుతాడు. దారిలో మావయ్య సోడా తాగడానికి ఆగినప్పుడు బావ చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పొద్దు బావా. కావాలంటే నీ పాము సినిమానే ఫస్టని ఊరందరి ముందూ ఒప్పుకుంటా."

నా వేళ్ళన్నీ వాడికి ఇచ్చేసినట్టే అది. వాడు వినలేదు. "అబద్ధానికి ఎవరైనా ఫస్టిస్తారా?" అన్నాడు. వాడి మాటా న్యాయమే, అదే నా ఖర్మ.

మర్నాడు సాయంత్రం వసారా నిండిపోయింది. అక్క మిషను మీంచి తల ఎత్తి, "చూసొచ్చారుగా, ఇవాళ నాకు సెలవు. చెప్పరా అబ్బాయ్" అంది. బావ లేచి నిలబడ్డాడు. నిజం చెప్పొద్దూ, బాగా చెప్పాడు వెధవ. ఇంటర్వెల్ దాటాడు. ఏటి గట్టుకొచ్చాడు. ఆ అక్క చెప్పులు విడిచి నీళ్ళలో కాలు పెట్టింది, అన్నాడు. అని, ఎందుకో అక్క కాళ్ళకేసి చూశాడు. అంతే, వాడి నోరు పడిపోయింది. వాడికి అప్పుడే తట్టిందనుకుంటాను, నాకు హాల్లో తట్టిన సంగతి. నేను చాప అంచు పీకుతూ తల దించుకున్నాను. మిషను ఆగిపోయింది.

"ఆగావేంట్రా? మునిగిపోయిందా?" అంది అక్క.

అక్క పకపకా నవ్వింది. ఏడుపు దాచుకునే నవ్వు కాదు, నాకు బాగా తెలుసు, హాయిగా నవ్వింది.

"నాకు ఇంటర్వెల్లోనే తెలుసర్రా. అలాంటి పిల్లని సినిమావాళ్ళు చివరిదాకా ఎప్పుడుంచారు గనక? మ్యాటనీ వదిలేసరికి ఐదున్నర దాటుద్ది. మనూరి బస్సు ఐదింటికి, ఈ కాలితో నడిచి అందుకోవాలంటే ఇంటర్వెల్లోనే లేవాలి. ఇన్నేళ్ళల్లో నేను శుభం కార్డు చూస్తే ఒట్టు! ఆ రోజు లేచి వచ్చేస్తుంటే, ఆ పిల్లని వాళ్ళ చేతుల్లో వదిలి రాబుద్ధి కాలేదు. నాతోపాటు బస్సెక్కించుకుని తీసుకొచ్చేశాను. తప్పా?"

బావ నోరు తెరిచాడు. "అయితే అన్ని సినిమాలూ అంతేనా అక్కా?"

"అన్నీనూ" అంది అక్క, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

వసారాలో ఒక్కసారిగా గోల. పడవ సినిమాలో తమ్ముడూ? దొంగ నిజంగా మారలేదా? అన్న ఇల్లు అమ్మేశాడా? పిల్లలంతా తలో ప్రశ్నా వేస్తుంటే, మా గుమ్మం వెనకనుంచి చేట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మా మామ్మ కొంగు దోపుకుంటూ బయటికొచ్చింది.

"ఏమ్మా, పాముని కూడా చంపకుండా నువ్వే వదిలేశావా?"

మేమంతా కొయ్యబారిపోయాం. అక్క మాత్రం ఏమీ జరగనట్టు, "వదిలేశానండీ మామ్మగారూ, పిల్లలున్నాయి కదా దానికి" అంది.

"మంచి పని చేశావు" అంది మామ్మ. తర్వాత బావకేసి తిరిగి, "ఒరే, ఆ ఏట్లో పడ్డ కథ మీ గుడివాడలో చెప్పుకో. ఈ వీధిలో ఆ పిల్ల చావదు. నా ఫస్టు జాకెట్టు సినిమా. సెకండు పడవది. నీ పాముకి మూడో నంబరు, అదీ మీ అక్క చెప్పిన పాముకి" అని తేల్చేసింది.

ఇంతకాలం కంకర్రాళ్ళ కోసం కాదు, ర్యాంకుల కోసం కూర్చుందన్నమాట ఆ మహాతల్లి! మేం పడీ పడీ నవ్వాం. లోపల మా నాన్నగారు గట్టిగా దగ్గారు. ఆ దగ్గులోనూ నవ్వుందని మా అమ్మ తర్వాత చెప్పింది. బావ వెళ్ళి అక్క మిషను పక్కన కూర్చుని, కింద పడిన దారపుముక్కలు ఏరుతూ, వినీ వినపడకుండా "నాకూ జాకెట్టుదే బాగుందక్కా" అన్నాడు. అక్క వాడి జుట్టు చెరిపేసింది. ఆ తర్వాత ఏ సెలవులకొచ్చినా గుడివాడలో చూసిన సినిమాని వాడే ఇంటర్వెల్ దాకా చెప్పి ఆపేసేవాడు. మిగతాది నువ్వు చెప్పక్కా అని చాప మీద కూలబడేవాడు.

అక్క తర్వాత బందరు వెళ్ళి నిజంగానే షాపు పెట్టింది. ఎంతమంది ఆడపిల్లలకి పని నేర్పిందో లెక్కలేదు. ఇప్పుడు తను కుట్టడం లేదు, కుర్చీలో కూర్చుని కుట్టేవాళ్ళని తిడుతోంది. నా జాకెట్లు ఇప్పటికీ అక్కడే.

నేను నర్సునయ్యాను. పెళ్ళయిన కొన్నేళ్ళకే మా ఆయన పోయారు. చంటిపిల్లతో నేను మిగిలితే, పరామర్శకి వచ్చినవాళ్ళంతా నా మిగతా కథ నాకే చెప్పారు. పుట్టింట్లో ఓ మూల గది, మనసుకి ఓదార్పుగా ప్రార్థనలు, పిల్ల పెద్దదయ్యేదాకా ఎదురుచూపు. అందరూ మంచివాళ్ళే, అందరికీ ముగింపు తెలుసు. నేను వింటూ కూర్చున్నాను. నెల తిరక్కుండా పిల్లని చంకనేసుకుని అవనిగడ్డ ఆసుపత్రిలో ఉద్యోగానికి వెళ్ళిపోయాను. నాకు ధైర్యం ఎక్కువని అన్నారు. ధైర్యమా పాడా! ఎవరో ముందే అనుకున్న ముగింపుకి మనం కూర్చుని ఉండక్కర్లేదని ఆ వసారాలో నా చెవులతో విన్నాను, అంతే.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. వాళ్ళ స్నేహితులంతా ఇష్టమైన సినిమాలకి నంబర్లు ఇచ్చుకుంటున్నారట. "అమ్మమ్మా, నీ ఫస్టు సినిమా ఏంటి?" అని అడిగింది. మీకు చెప్పని పేరు దానికి చెప్పాను. టకటకా వెతికి, మొహం చిట్లించింది.

"ఇదేంటమ్మమ్మా, దీనికి మరీ ఇంత తక్కువ రేటింగిచ్చారు జనం?"

"ఇవ్వనీవే" అన్నాను. "పాపం, వాళ్ళు చివరిదాకా చూసుంటారు."