మా తోటికోడలి వాకిట్లో పెళ్లిరాట

సోమవారం పొద్దున్న మా మరిది గుమ్మంలో నిలబడి, "వదినగారూ, వెళ్లిపోయిందండి" అన్నాడు. మా తోటికోడలు నిద్రలోనే పోయింది. ఎవరిచేతా చేయించుకోలేదు, అదొక్కటే ఊరట. నాకంటే చిన్నది. వరసలో ముందు వెళ్లాల్సినదాన్ని నేను. ఈ ఒక్క విషయంలో పద్ధతి తప్పింది.

నాకు పొగడడం చేతకాదు. చూసింది చూసినట్టు రాస్తాను.

ఐనవిల్లికి దగ్గరలో, ఏటిగట్టుని ఆనుకుని వాళ్ల పెంకుటిల్లు. మాది పక్కవీధి. కాపరానికి వచ్చిన నాటినుంచి ఆ ఇల్లంటే తనకి చిన్నచూపే. మధ్యగది చీకటనీ, గుమ్మాలు పొట్టివనీ, ఊరంతా డాబాలు వేసుకుంటే తను మాత్రం పెంకుల కింద ఉండిపోయిందనీ సణుగుతూనే ఉండేది. వచ్చినవాళ్ల నుదురు గుమ్మానికి తగిలినప్పుడల్లా, "మా ఇల్లు ఎంతటివాళ్లచేతైనా దణ్ణం పెట్టించుకుంటుందండి" అనేది, మరిదివైపు ఓరగా చూస్తూ. చివరికి అతను దిగొచ్చాడు. వానలు వెళ్లగానే ఇల్లు విప్పించి డాబా వెయ్యాలని మేస్త్రీతో మాటయింది.

ఆ వానాకాలమే గోదారి పెద్దగా వచ్చింది. గట్టు నిలిచింది, మా ఊళ్లోకి నీరు రాలేదు. ఏటి మధ్య లంకలు మునిగాయి. నీరు తీశాక పులిహోర పొట్లాలు కట్టుకుని ఇద్దరం పడవలో వెళ్లాం. పొట్లాల లెక్క నాది, పంచడం తనది. లెక్కకి మించి ఇచ్చేస్తుంటే నేను కసురుకుంటూనే ఉన్నాను.

ఏళ్లతరబడి మాకు వంకాయలు, బీరకాయలు తెచ్చిపెట్టే ఆవిడ ఒడ్డున కూర్చుని ఉంది. వాళ్ల ఇల్లు మునగలేదు. ఏరు ఒడ్డుని కోసేస్తే నేలతో సహా జారి నీళ్లలో పడిపోయింది. "మా వాకిలి అదిగోనండి, ఆ సుడి తిరుగుతున్న చోట" అని వేలు చూపించింది. అందరి ప్రాణాలూ దక్కాయి. కూతురి పెళ్లిబట్టలు ముందే గట్టుకి చేర్చారు. శ్రావణమాసంలో ముహూర్తం. పెళ్లివారు మంచివాళ్లు, గుడిలో కానిచ్చేద్దాం అన్నారట. ఆవిడ బాధ అది కాదు. పెళ్లిపందిరికి తొలి రాట ఆడపిల్ల పుట్టింటి వాకిట్లో పాతాలి.

"రాట పాతుకోడానికి జానెడు నేల లేదండి. రేపు మా పిల్లని నీ పుట్టిల్లేదే అంటే గోదారిని చూపించాలండి" అంది.

పడవలో తిరిగి వచ్చాం. మా తోటికోడలు తన వాకిట్లో చెప్పులు విడిచి, మడమతో నేలని తొక్కి చూసింది.

"ఎంత గట్టిగా ఉందో చూసేరా, అక్కయ్యగారూ" అంది.

ఇన్నాళ్లూ తిట్టిన గుమ్మాన్ని పట్టుకుని కాసేపు నిలబడింది. తరవాత లోపలికి వెళ్లి, మేస్త్రీని రావద్దనమని మరిదితో చెప్పింది. రాట ఇక్కడే వేస్తున్నామంది.

మా చుట్టాల్లో ఒక పెద్దావిడ, రాట వేస్తే ఆ పిల్లకి ఇది పుట్టిల్లయిపోతుందనీ, సారెలూ చీరలూ మీద పడతాయనీ హెచ్చరించింది. "ఆయ్, పడాలనేనండి. మగపిల్లలతో విసిగిపోయేను" అంది తను.

శుభలేఖలు వరదకి ముందే అచ్చయ్యాయి, లంక ఊరి పేరుతో, "మా స్వగృహమునందు" అని. ఏం కొట్టెయ్యాలో తెలియక పెళ్లికూతురి తండ్రి అవి పట్టుకొచ్చాడు. "ఊరి పేరు మార్చండి. స్వగృహం అలాగే ఉంచండి" అంది.

రాట గోతిలో పిల్ల తల్లి పాలు పోసింది. మా తోటికోడలు ఆ చెంబు కింద తన చెయ్యి కూడా పెట్టింది. పెళ్లినాడు గట్టుమీద బాజాలు మోగాయి. ఇళ్లలో ఇంకా బురద ఎత్తని లంకవాళ్లు కూడా ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చారు. వంటకి బియ్యం నేను కొలిచి ఇచ్చాను. నా వెనక తను ఇంకో కుంచెడు పోయించింది. చూసి ఊరుకున్నాను. పెళ్లికొడుకు పొడగరి, గుమ్మానికి ఠక్కున తగిలాడు. అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

డాబా మాట మళ్లీ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే, "నిలబడి ఉన్న ఇంటిని ఇంకేం అడుగుతామండి" అనేది. మా ఇంటి తలుపు తీసేటప్పుడు ఆ మాట నాకూ గుర్తొస్తుంది. వానకి తడవకుండా పడుకోగలగడం ఎంత పెద్ద సంగతో తన పక్కన ఉండే తెలుసుకున్నాను.

మరుసటి ఆషాఢానికి కొత్త పెళ్లికూతురు పుట్టింటికి రావాలి కదా. తల్లిదండ్రులు అప్పటికి గట్టు దిగువన ఒక అద్దెగదిలో ఉంటున్నారు. అల్లుడు మోటారుసైకిలు ఏ గుమ్మం ముందు ఆపుతాడా అని వీధంతా చూసింది. పిల్ల మా తోటికోడలి వాకిట్లో దిగి, ఎవరూ పిలవకుండానే లోపలికి వెళ్లి, బిందెలో నీళ్లు ముంచుకుని తాగి, అరుగుమీదకి వచ్చి కూర్చుంది. కాసేపటికి తల్లి వచ్చి పక్కన పువ్వులు కట్టడం మొదలుపెట్టింది. మా తోటికోడలు ఆ పిల్ల వెనక చేరి తలకి నూనె రాస్తోంది. జిడ్డు చేతులు అలాగే గాల్లో ఊపుతూ, గట్టుమీద వెళ్లే ప్రతివాళ్లనీ, అడగనివాళ్లని కూడా, కేకేసి ఆపుతోంది.

"మా అమ్మాయి పుట్టింటికొచ్చిందండీ."