కారులో బాబా, అంగట్లో మహబూబ్

అదీకాక మీరే చెప్పండి, తుపాకుల అంగట్లోకి ఒక డ్రైవరు ఒంటరిగా వచ్చి, పటాలం వాళ్ళు వాడే రకం రైఫిల్ ఏదైనా తక్కువలో ఉందా అని అడిగితే, కౌంటర్ వెనకున్న మనిషి ఏమనుకోవాలి? మీరు అక్కడున్నా అనుమానపడతారు. నేనైనా అంతే. అందుకే నేను అంగడివాడిని తప్పుపట్టను. మహబూబ్‌ని అసలే పట్టను. మా బాబాకున్న ఒక అలవాటు వల్ల వచ్చిన తంటా ఇదంతా.

ఖతర్‌లో మదీనత్ ఖలీఫా అనే పేటలో మేం పనిచేసే విల్లాలో వంటిల్లు నాది, కారు మహబూబ్‌ది. ఇద్దరిదీ రాయచోటి పక్కే. నాది చిన్నమండెం దగ్గర, అతనిది లక్కిరెడ్డిపల్లె దగ్గర. ఇక్కడి ఇళ్ళలో పనిచేసేవాళ్ళంతా యజమానిని బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలుస్తారు. మేమూ అంతే.

ఇక్కడికి రాకముందు మహబూబ్ మదనపల్లె నుంచి టమోటా లారీ తోలేవాడు. లారీ లేని రోజుల్లో రాయచోటి సంతలో వాళ్ళ మామతో కలిసి మేకలు, పొట్టేళ్ళు బేరం చేసేవాడు. బేరం అతనికి అక్కడ అబ్బింది. మీసం దువ్వుకోనిదే గది బయటికి రాడు. కారు కడగనిదే టీ ముట్టడు. ఊళ్ళో భార్య రెహానా కుట్టు మిషన్ తొక్కుతుంది. ఫోన్ చేసినప్పుడల్లా గుడ్డ మీటరు ఎంతకు కొన్నావని అడిగి, నేనుంటే ఇంకా తగ్గించేవాణ్ణి అనేవాడు. ఆమె ఫోన్ పెట్టేసేది.

ఇక బాబా సంగతి. అరబ్బు షేకులు డబ్బు విదిలిస్తారని మన ఊళ్ళో అనుకుంటారు కదా. మా బాబా గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. టమోటాను కూడా వత్తి చూసి, వదిలేసి, మళ్ళీ వచ్చి కొనే రకం. తెల్ల తోబు, అంటే అరబ్బుల పొడుగు చొక్కా, వేసుకున్న మనిషి కనిపిస్తే అంగడివాడు ధర పెంచేస్తాడని ఆయనకు గట్టి నమ్మకం. అందుకని ఏది కొనాలన్నా కారు కాస్త దూరంగా ఆపించి, అద్దాలెత్తించి, ఏసీ వేయించుకుని వెనక సీట్లో కూర్చుంటాడు. మహబూబ్ లోపలికి పోయి తనకే కావాలన్నట్టు బేరం చేస్తాడు. ధర తేలాక ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. అప్పుడు బాబా దిగి వస్తాడు. అంతదాకా బాబా పేరు ఎత్తకూడదు. అది షరతు.

టైర్లు అట్లాగే కొన్నారు. బక్రీద్ పొట్టేలు అట్లాగే కొన్నారు. మామాకు వాషింగ్ మెషిన్ కూడా అట్లాగే వచ్చింది. మహబూబ్‌కి ఇందులో గర్వం ఉండేది. "పొట్టేలు నోరు తెరిచి పండ్లు సూసి, నేను కొంచిం మూతి వంకర పెడితే సాలక్కా, వాడే దిగొస్తాడు" అని నా దగ్గర గొప్పలు చెప్పేవాడు.

బాబాకు తుపాకుల పిచ్చి. మజ్లిస్‌లో, అంటే మగవాళ్ళు వచ్చి కూర్చునే గదిలో, గోడ నిండా పాత తుపాకులే. తాత వాడినవి, వేటకు పోయినవి, వెండి తీగ చుట్టినవి. అన్నిటికీ పర్మిషన్ కాగితాలున్నాయి. ఒక్క సైన్యం రకం మాత్రం లేదు. తోటి ముసలాయన ఒకడు అట్లాంటిది కొన్నాడట. అది చూసి వచ్చినప్పటి నుంచి మా బాబాకు తిండి సహించలేదు. కొత్తవి ఖరీదు. పాతకాలం సిపాయిలు మోసినది, చెక్క మడమ ఉన్నది, చేతికి అందే ధరలో దొరికితే చాలన్నాడు. పర్మిషన్ కూడా తెచ్చుకున్నాడు.

సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా ఫోన్‌లో ఫోటోలు చూపించి మహబూబ్‌కి పాఠం చెప్పేవాడు. గొట్టం మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. వెనక్కి లాగే బోల్టు మీద ఒక నంబరు ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. కాకపోతే రెండు తుపాకుల ముక్కలు కలిపి ఒకటి చేశారన్నమాట. చెక్క మరీ మెరుస్తుంటే కింద పగులు దాచినట్టు. గొట్టం లోపల గుంటలు కనిపిస్తే తుప్పు తిన్నట్టు. మహబూబ్ ఇదంతా పొట్టేలు పళ్ళ లెక్కలో నేర్చేసుకున్నాడు. నాకు కూడా చెప్పేవాడు. నేను చపాతీలు కాలుస్తూ ఊఁ కొట్టేదాన్ని.

ఇద్దరికీ తట్టని విషయం ఒకటే. టైరు డ్రైవరు కొన్నా టైరే. రైఫిల్ అట్లా కాదు కదా.

లుసైల్ పోయే దారిలో ఒక వేట సామాన్ల అంగడి ఉంది. ముందు డేరాలు, టార్చి లైట్లు, డేగలకు వేసే తోలు టోపీలు. వెనక గదిలో తుపాకులు. అమ్మేది షాదాబ్ అని లక్నో వైపు కుర్రాడు. ఎప్పటిలాగే బాబా దూరంగా కారులో కూర్చున్నాడు. మహబూబ్ మీసం సవరించుకుని లోపలికి పోయాడు.

మొదట షాదాబ్ నవ్వుతూనే చూపించాడట. ఒకటి నల్లగా కొత్తది. దాని ధర వినగానే మహబూబ్ వద్దన్నాడు. రెండోది తక్కువే, కానీ చెక్క అద్దంలా మెరుస్తోంది. మహబూబ్ దాన్ని వెలుతురుకి తిప్పి, నంబర్లు చూసి, ఇది అతుకుల బొంత అన్నాడు. షాదాబ్ నవ్వు అక్కడే కాస్త తగ్గింది. అడుగు అరలోంచి మూడోది తీశాడు. చెక్క మసిబారి ఉంది. మడమ మీద ఏ సిపాయో గోరుతో గీసినట్టు గీతలున్నాయి. నంబర్లు కలిశాయి. గొట్టం శుభ్రం. మహబూబ్ మూతి వంకర పెట్టాడు. ధర దిగింది. ఒక మూలకు పోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాబాకు వాయిస్ మెసేజ్ పంపాడు.

షాదాబ్ అది చూశాడు. ఎవరికోసం అని అడిగాడు. నాకే అన్నాడు మహబూబ్. పర్మిషన్ ఏదంటే ఇంట్లో ఉందన్నాడు. ఏం పని చేస్తావంటే డ్రైవర్‌నన్నాడు. ఎక్కడ పెట్టుకుంటావంటే నా గదిలో గోడకన్నాడు. హౌస్ డ్రైవర్ గది ఎట్లా ఉంటుందో ఖతర్‌లో ఎవరికి తెలియదు? గేటు పక్కన ఒక మంచం, ఒక స్టవ్వు. అందులో గోడకు రైఫిల్ అంట. పైగా ఈ డ్రైవరుకి నంబర్లు కలవాలని తెలుసు, గొట్టం లోపల గుంటలు చూడాలని తెలుసు. ఫోన్‌లో ఎవరికో గుసగుసలు.

షాదాబ్ తుపాకీ తీసుకుపోయి అరలో పెట్టి తాళం వేశాడు. బతాకా అడిగాడు. బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు, అది లేకపోతే మేం మనుషులమే కాదు. జిరాక్స్ తీసుకుంటానని పుచ్చుకుని జేబులో వేసుకున్నాడు. ఫోన్ కౌంటర్ మీద బోర్లా పెట్టమన్నాడు. వాకిట్లో కాపలా మనిషి వచ్చి నిలబడ్డాడు. అంగడి ఓనరుతో షాదాబ్ ఫోన్‌లో అరబ్బీలో మాట్లాడుతుంటే పోలీసు అనే మాట మహబూబ్ చెవిన పడింది. తుపాకీ కేసులో పేరెక్కితే ఇంకేముంది? విమానం ఎక్కించి పంపేస్తారు. మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు.

ఒక్క మాట చాలు. బయట కారులో మా యజమాని ఉన్నాడు అంటే తీరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చిందట. బాబాయే వస్తాడు, వచ్చి తనే చెబుతాడు అని మింగేశాడు.

బాబా వచ్చాడు. స్టూల్ మీద కూర్చున్న మహబూబ్‌ని గోడకున్న క్యాలెండర్‌ని చూసినట్టు చూసి, నేరుగా షాదాబ్ దగ్గరికి పోయాడు. పాత సైన్యం రకం ఏమైనా ఉందా అని అడిగాడు. షాదాబ్ తోబు చూసి లేచి నిలబడి, ఆ మూడోదే తీసి, ధర పెంచి చెప్పాడు. బాబా బేరం మొదలుపెట్టాడు. కాఫీ వచ్చింది, ఖర్జూరాలు వచ్చాయి. మహబూబ్ స్టూల్ మీదే ఉన్నాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని చూస్తున్నాడు. బాబా గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తున్నాడు.

షాదాబ్ ఎంతకీ దిగకపోయేసరికి బాబా, ఇందాక ఈ హిందీకి, అంటే ఈ ఇండియావాడికి, చెప్పిన ధరకే నాకూ ఇవ్వు అన్నాడు. షాదాబ్‌కి వెలిగింది. ఈయన్నీ చూశాడు, అతన్నీ చూశాడు. మీ మనిషా అని అడిగాడు. బాబా పర్మిషన్ కాగితాలు తీసి కౌంటర్ మీద పెట్టి, నా డ్రైవరే అన్నాడు.

"మరి తనకే కావాలన్నాడేం?" అన్నాడు షాదాబ్.

"అది వాణ్ణే అడుగు" అన్నాడు బాబా.

కార్డు తిరిగొచ్చింది. తుపాకీ కూడా, కాగితాల పని అయ్యాక, తగ్గించిన ధరకే ఇంటికి వచ్చింది. కానీ ఆరోజు కారులో బాబా ఒక మెచ్చుకోలు మాట అనలేదు. ఎందుకింత సేపయింది అన్నాడు. వాడూ నువ్వూ ఒకే దేశం కదా అన్నాడు. కొంచెం దూరం పోయాక, వాడు నీకేమిస్తానన్నాడు అని అడిగాడు. మహబూబ్ మాఫీ బాబా అన్నాడు, అరబ్బీలో మాఫీ అంటే ఏమీ లేదని. బాబా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అబద్ధమెందుకు, యజమానిని తీసుకొచ్చినందుకు అంగళ్ళలో చేతిలో ఏదో ఒకటి పెడతారు. పుచ్చుకునే డ్రైవర్లున్నారు. టైర్ల అంగట్లో మహబూబ్ కూడా టీ తాగే ఉంటాడు. అందుకే నేను ముఖం మీదే అడిగాను.

"ఏమప్పా మహబూబ్, ఆ పిల్లోనితో ఏమన్నా మాట్లాడుకున్నావా?"

"నువ్వు గూడానా అక్కా."

"అడగతాండా అంతే. అడక్కుండా మనసులో పెట్టుకుంటే అది అనుమానం. అడిగితే కాదు."

చేతిలో టీ గ్లాసు తిప్పాడు. తర్వాత అన్నాడు. "వాడు నన్ను దొంగనుకున్యాడు, అనుకోనీ. వానికి నేనెవురో తెల్దు. ఈయప్పకు తెల్సు కదక్కా. తెల్సి గూడా ఎవురో అన్నెట్ల సూసినాడు."

ఇంకో గ్లాసు టీ పోశాను.

ఆ తర్వాత ఇంట్లో గాలి మారింది. మజ్లిస్‌లో తుపాకుల దుమ్ము తుడిచే పని మహబూబ్‌దే ఉండేది. తాళంచెవి తలుపు పక్క మేకుకు ఉండేది. ఇప్పుడది బాబా జేబులోకి పోయింది. డ్రైవరుకి రైఫిల్ నంబర్ల సంగతులెందుకు అని పెద్దకొడుకు భోజనాల దగ్గర అన్నాడు. నేర్పింది ఎవరు? బాబా అన్నం కలుపుకుంటున్నాడు, నేర్పింది నేనే అనలేదు. కొడుకు వచ్చి మజ్లిస్ గుమ్మం మీద కెమెరా పెట్టించాడు. అది సరిగ్గా డ్రైవర్ గదిని చూసేట్టు ఉంది.

గోడకున్న మిగతా తుపాకులన్నిటికీ తోలు పట్టీలున్నాయి. కొత్తగా వచ్చినదానికి లేదు. పట్టీ కుట్టించాలని ఒకరోజు బాబా బయల్దేరాడు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేట సందులో పెషావర్ ముసలాయన ఒకడు తోలుపని బాగా చేస్తాడు. కారు దూరంగా ఆపించి, అద్దాలెత్తించి, పోయి అడుగు అన్నాడు బాబా.

మహబూబ్ దిగలేదు. "అడుగుతాను బాబా. నా యజమానికి కావాలి, ఆయన కారులో ఉన్నాడు అని చెప్పి అడుగుతాను" అన్నాడు.

"ధర పెరుగుతుంది."

"పెరగనీ బాబా."

మహబూబ్ పోయి అట్లాగే చెప్పాడు. ముసలాయన ధర పెంచాడో లేదో నాకు తెలియదు, మహబూబ్ చెప్పలేదు. ముసలాయన తోలు చూపించి, పని ఒప్పుకుని, ఒక్క మాట అడిగాడు. తుపాకీకి పట్టీ దూర్చే ఇనుప రింగులు రెండుంటాయి కదా, ముందుదీ వెనకదీ ఒకే వెడల్పు ఉండవు. ముందుది నేను ఊహించగలను, వెనకది కొలిచి చెప్పాలి, కాస్త వెడల్పయినా దూరదు అన్నాడు. రేపే తెస్తానని మహబూబ్ మాటిచ్చి, రాకపోతే ఫోన్ చెయ్యమని ఇంటి నంబరిచ్చి వచ్చాడు.

నా దగ్గర కుట్టు టేపు తీసుకుని బాబాను తాళం అడిగాడు. చూద్దాంలే అన్నాడు బాబా. మర్నాడు మళ్ళీ అడిగాడు. కొలత నేనే తీస్తాను అన్నాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నా టేపు మీద అంకెలు కనిపించవు. కొడుకును తియ్యమంటే వాడు, పట్టీ లేకపోతే ఏమైంది అన్నాడు. మహబూబ్ జేబులో టేపు పెట్టుకుని తిరిగాడు. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చాక దాన్ని తెచ్చి నా వంటగట్టు మీద పెట్టేశాడు.

లుసైల్‌లో ఒక కంపెనీకి బస్సు డ్రైవరు కావాలంటే మాట్లాడుకున్నాడు. జీతం కాస్త తక్కువే. కాగితాలన్నీ పద్ధతిగా చేసుకున్నాడు. పోయే రోజు కారు కడిగి, లోపల కార్పెట్లు దులిపి, తాళాలు మామా చేతిలో పెట్టాడు. బాబా నిద్రపోతున్నాడని చెప్పారు. కాసేపు గేటు దగ్గర నిలబడి, పోయొస్తా అక్కా అని వెళ్ళిపోయాడు.

తోలుపని ముసలాయన అప్పుడప్పుడు ఇంటికి ఫోన్ చేస్తాడు. నేనే ఎత్తుతాను. తోలు కత్తిరించానమ్మా, ముందు కొస కుట్టడం కూడా అయింది, ఆ డ్రైవరు వెనక రింగు కొలత తెస్తానన్నాడు, ఎప్పుడొస్తాడు అంటాడు.