మౌని పిల్లల పుట్టినరోజులు

మా పెద్దమ్మ ముప్ఫై ఏళ్ళు గుర్రాల మధ్య పనిచేసింది. ఒక్కసారైనా గుర్రం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "పైన కూర్చుంటే దాని కాళ్ళు కనపడవు కదా" అనేది.

ఆమె పని పందెపు గుర్రాల పెంపకశాలలో. ఇంట్లో అందరం దాన్ని ఫారం అనేవాళ్ళం. తెల్ల రంగు వేసిన కర్ర కంచెలు, మూడు వరసల కొట్టాలు, మూడు గదుల ఆఫీసు, ఆ గదుల ముందు పొడవాటి వరండా. పెదనాన్న అక్కడే గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. పెళ్ళైన కొత్తలో పెద్దమ్మ, తల్లిపాలు అందని పిల్లలకు సీసాతో పాలు పట్టే పనిలో చేరింది. రెండో ఏడు, పుట్టుకల రిజిస్టరు రాసే గుమాస్తా జబ్బు పడ్డాడు. ఎవరి చేతిరాత బావుందని వెతికితే పెద్దమ్మది బావుంది. గుమాస్తా మూడు నెలలకు కోలుకుని వచ్చాడు గాని, రిజిస్టరు మళ్ళీ ఆయన చేతికి పోలేదు.

రిజిస్టరుతో పాటు ఆమె కార్డులు మొదలుపెట్టింది. పుట్టిన ప్రతి పిల్లకూ ఒక అట్టముక్క. ముందువైపు తండ్రి, తల్లి, పుట్టిన తేదీ. వెనకవైపు పెన్సిలుతో తను చూసింది. "లేచి నిలబడటానికి నలభై నిమిషాలు. ముందరి కుడి మోకాలు కొంచెం లోపలికి. పాలకు తొందరపడదు." అందులో మెచ్చుకోలు ఉండదు, తిట్టు ఉండదు. పిల్ల పెరిగి పందేలకు వెళ్ళాక ఎక్కడ పరుగెత్తింది, ఎన్నోదిగా వచ్చింది, అదీ ఆ వెనకవైపే చేరేది.

సంతానం కోసం ఉంచే మగగుర్రాన్ని అక్కడ స్టాలియన్ అంటారు. ఒకప్పుడు యువరాజు అనే స్టాలియన్ ఉండేది. దాని తండ్రి, తాత, ముత్తాత అందరూ పెద్ద పందేలు గెలిచినవాళ్ళే. మూడేళ్ళుగా దాని పిల్లలు మాత్రం ఒక్క పందెమూ గెలవలేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. పెద్దమ్మ కార్డులన్నీ తీసుకెళ్ళి యజమాని బల్ల మీద పరిచింది. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన ఓ గంట చూశాడు. నెల తిరక్కుండా యువరాజు వెళ్ళిపోయింది. వరండా గోడకు నల్లబోర్డు వచ్చింది.

బోర్డు మీద ప్రతి స్టాలియన్‌కూ ఒక వరస. పిల్లలు గెలిచిన ప్రతి పందేనికీ ఒక సుద్దగీత. పిల్లలు పరుగెత్తిన మొదటి సీజను ముగిసేసరికి ఎవరి వరస ఖాళీగా ఉంటే వాళ్ళు అమ్మకాల పట్టీలోకి. ఆ నియమం చెప్పింది పెద్దమ్మే. గీతలు గీసే సుద్ద కూడా ఆమె దగ్గరే ఉండేది. అప్పటినుంచి ఫారంలో ఆమె పేరు బోర్డమ్మ.

మా అమ్మ ఈ సంగతి వీధంతా చెప్పుకునేది. "మా అక్క సుద్ద పట్టుకుంటే లక్షాధికారులు నిలబడి చూస్తారు" అనేది. పెద్దమ్మ విని, "వాళ్ళు చూసేది సుద్దని, నన్ను కాదు" అనేది. అనేటప్పుడు మాత్రం ఆమె వీపు నిటారుగా అయ్యేది.

బోర్డు పెట్టిన అయిదేళ్ళకు మౌని వచ్చింది. అయిదేళ్ళ కుర్ర స్టాలియన్, ముదురు గోధుమ రంగు. ఎప్పుడో గాని సకిలించదు, అందుకే ఆ పేరు. దాని వంశం కాగితం వచ్చిన రోజున మేనేజరు పైసగం చదివి పక్కన పెట్టాడు. ఆ కాగితాల్లో తండ్రివైపు వాళ్ళు పైన ఉంటారు, తల్లివైపు వాళ్ళు కింద. పైన అన్నీ పేరున్న పేర్లే. పెద్దమ్మ కిందసగం చదివింది. మౌని తల్లి, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి, ముగ్గురూ దూరం పందేలు గెలిచారు. మూడేళ్ళు నిండకముందు ఒక్కరూ గెలవలేదు.

"వీళ్ళింట్లో ఆడవాళ్ళందరూ నిదానస్తులు" అంది.

"మా అత్తగారింట్లోనూ అంతేనండీ. సినిమాకి బయల్దేరితే విశ్రాంతికి చేరతాం" అన్నాడు మేనేజరు.

ఆ ఏడే మెరుపు అనే ఇంకో కుర్ర స్టాలియన్ కూడా వచ్చింది. దానిది తక్కువ దూరాల్లో గెలిచే వంశం. తర్వాత మూడేళ్ళు గడిచాయి. ఒక ఏడు తల్లుల కడుపులో, రెండేళ్ళు గడ్డిలో. ఇద్దరి పిల్లలూ ఒకే సీజనులో పందేలకు వెళ్ళాయి. సీజను ముగిసేసరికి మెరుపు వరసలో పద్నాలుగు గీతలు. మౌని పిల్లలు పన్నెండు పరుగెత్తాయి. వరస ఖాళీ.

మేనేజరు బోర్డు ముందు నిలబడ్డాడు. "బోర్డమ్మగారూ, మౌని పేరు తుడవడానికి గుడ్డ తెప్పించమంటారా?"

"పట్టీ ఎప్పుడు వెళ్తుంది?"

"నెలాఖరుకి."

"అప్పటిదాకా ఉండనివ్వండి."

పట్టీలోకి ఎక్కితే మౌని మళ్ళీ స్టాలియన్‌గా ఉండదని అందరికీ తెలుసు. పిల్లలు గెలవని మగగుర్రాన్ని కొన్నవాళ్ళు విత్తులు తీయించి స్వారీ నేర్పే బడికి పంపుతారు. ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర పెదనాన్న కదిపాడు. "మీ మౌనిగాడు పోతున్నాడటగా."

"బోర్డు చెప్పాక నేనేం చెప్తాను?"

"పాపం, వాడి ముందుకాలు ఇప్పుడు రాయిలా ఉంది. వచ్చిన ఏడు గిట్టలో చీము పట్టి ఎన్ని పాట్లు పడ్డాడో నాకు తెలుసు. రెండు నెలలు నా షెడ్డులోనే కదా ఉన్నాడు."

పెద్దమ్మ తినడం ఆపింది. "ఏ రెండు నెలలు?"

"జతకట్టే సీజను మొదటి రెండు నెలలూ. ఆడగుర్రాలన్నీ మెరుపు దగ్గరికీ ముసలోళ్ళ దగ్గరికీ పోయినప్పుడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. నువ్వేదో రాసుకుంటూ ఊఁ అన్నావు."

"ఊఁ అంటే విన్నట్టా?"

"ముప్ఫై ఏళ్ళుగా విన్నట్టే అనుకుంటున్నాను."

పెద్దమ్మ చెయ్యి కడుక్కుని ఆఫీసుకు వెళ్ళి ఆ ఏటి రిజిస్టరు తీసింది. మౌని పేరు మొదటిసారి కనిపించింది మూడో నెలలో. ఆ తేదీలు రాసింది తనే. రాసింది, చూడలేదు.

ఫారంలో గుర్రాలను జతకట్టించే సీజను నాలుగు నెలలు. ఆరోగ్యంగా ఉన్న ఆడగుర్రాలకు మొదటి రెండు నెలల్లోనే చూలు నిలుస్తుంది. చివరికి మిగిలేవి, రెండు మూడుసార్లు తీసుకెళ్ళినా చూలు నిలవనివి, వయసు మళ్ళినవి. మౌనికి దక్కినవి అవే. పైగా పదకొండు నెలల తర్వాత దాని పిల్లలన్నీ అందరికన్నా వెనక పుట్టాయి. కాని పందేల కాగితాల మీద ఆ ఏడు పుట్టిన గుర్రాలన్నిటికీ పుట్టినరోజు ఒకటే, సంవత్సరం మొదటి రోజు. మెరుపు పిల్లకన్నా మూడు నెలలు చిన్నదైన మౌని పిల్ల, అదే వయసు కింద, అదే గీత దగ్గర నిలబడాలి. రెండేళ్ళ పిల్లకు మూడు నెలలంటే చిన్న తేడా కాదు.

పెద్దమ్మ కార్డుల పెట్టెలు ఇంటికి తెచ్చింది. ముందు తీసినవి మౌనివి కావు, యువరాజువి. బోర్డు లెక్కలో లోపం ఉంటే అది యువరాజును కూడా ముంచి ఉండొచ్చు. అలా జరిగి ఉంటే ఆ మాట కూడా చెప్పాలి. ఒక రోజంతా చూసింది. యువరాజు పిల్లలన్నీ ఏడాది మొదట్లో పుట్టినవే, మంచి తల్లులకు పుట్టినవే. ఆ అమ్మకంలో తప్పు లేదు. అప్పుడు మౌని కార్డులు తీసింది.

మూడు రోజులు బల్ల మీదా నేల మీదా కార్డులే.

"అన్నం ఎక్కడ తినమంటావు?" అన్నాడు పెదనాన్న.

"ఒళ్ళో పెట్టుకోండి."

"ఒళ్ళోనూ కార్డులే పెట్టావు."

ఆ మొదటి ఏడు మౌనితో పిల్లల్ని కన్న తల్లులు పదిహేడు. వాటిలో పదమూడింటికి ఇదివరకే వేరే తండ్రులతో పిల్లలు పుట్టాయి, మొత్తం ముప్ఫై ఒకటి. రెండేళ్ళ వయసులో మొదటి నాలుగు స్థానాల్లోకి వచ్చినవి వాటిలో మూడే. మౌని పిల్లలు పరుగెత్తినవి పన్నెండు. మొదటి నాలుగు స్థానాల్లోకి వచ్చినవి అయిదు. ఆ అయిదూ పందేల సీజను చివరి రెండు నెలల్లోనే. అంటే అవి ఎదుగుతున్నాయి. బోర్డు గెలుపునే లెక్కపెట్టింది. ఏ తల్లి పిల్ల, ఎప్పుడు పుట్టిన పిల్ల అని అడగలేదు.

నాలుగో రోజు పొద్దున పెదనాన్న చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "నవ్వుతారే. బోర్డు పెట్టింది నువ్వే, నీకు నచ్చిన గుర్రం దగ్గరికొచ్చేసరికి బోర్డు తప్పంటున్నదీ నువ్వే అంటారు. ఇన్నేళ్ళ మాట పోతుంది."

"పోతే పోతుంది."

"అంత తేలికా?"

"తేలికని ఎవరన్నారు? పదండి, ఆలస్యమవుతోంది."

వరండాలో బోర్డు కిందే బల్ల వేయించారు. పెద్దాయన కూర్చున్నాడు, మేనేజరు పక్కన నిలబడ్డాడు. పెదనాన్న చేతిలో సుత్తితో మెట్ల దగ్గర ఆగిపోయాడు. పెద్దమ్మ కార్డులను మూడు కట్టలుగా, యువరాజు పిల్లలవి, ఆ పదమూడు తల్లుల పాత పిల్లలవి, మౌని పిల్లలవి విడివిడిగా పెట్టి, చెప్పాల్సింది చెప్పింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

మేనేజరు తల అడ్డంగా ఊపాడు. "ఇలాగైతే ప్రతి గుర్రానికీ ఏదో ఒక సాకు దొరుకుతుందండీ. ఒకడికి గిట్ట నొప్పి, ఇంకొకడికి పొట్ట నొప్పి."

"దొరకదు. యువరాజుకు రోజంతా వెతికాను. దొరకలేదు."

పెద్దాయన మూడో కట్ట తనే తిప్పి చూశాడు. వెనకవైపు పెన్సిలు రాత కూడా చదివాడు. "అమ్మా, సూటిగా అడుగుతాను. ఇన్నాళ్ళూ ఈ బోర్డుని నమ్ముకునే గుర్రాల్ని ఉంచాం, పంపించాం. ఇప్పుడు తప్పెవరిది?"

"బోర్డు పెట్టింది నేను, తేదీలు రాసి చూడనిది నేను. తప్పు నాది. గుర్రానిది కాదు."

"ఎన్నాళ్ళు కావాలి?"

"ఒక్క సీజను. పిల్లలకు మూడేళ్ళు నిండనివ్వండి. దూరం పందేల్లో పరుగెత్తనివ్వండి."

"అప్పటికీ వరస ఖాళీగానే ఉంటే?"

"వాడితో పాటు ఈ సుద్ద కూడా పంపించేయండి. సీసాతో పాలు పట్టడం నేనింకా మర్చిపోలేదు."

పెద్దాయన కార్డులు సర్ది ఆమె చేతికిచ్చాడు. మేనేజరు వైపు తిరిగి, "పట్టీలోంచి మౌనిని తీసేయండి. ఈసారి మంచి ఆడగుర్రాలు ఆరు వాడికి. మొదటి నెలలోనే" అన్నాడు.

పెదనాన్న మెట్లు దిగి షెడ్డుకు పోయాడు. ఆ రోజు సుత్తి చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపించిందని తర్వాత మేనేజరే చెప్పాడు.

ఆ ఏడు ఎలా గడిచిందని అడిగితే పెద్దమ్మ చెప్పేది కాదు. పనికి వెళ్ళింది, కార్డులు రాసింది. పందేల కొత్త సీజను మొదలయ్యాక, ఒక్క వరసే ఖాళీగా ఉన్న బోర్డు ముందు నుంచి రోజుకు పదిసార్లు నడిచింది. మొదటి నెల మౌని పిల్లలు మూడోదిగా, అయిదోదిగా, మళ్ళీ మూడోదిగా వచ్చాయి. మేనేజరు ఏమీ అనడం మానేశాడు. అది హేళన కంటే కష్టంగా ఉందని పెదనాన్నతో ఒకసారి అంది.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఫోను మోగింది. మేనేజరు విని, పెట్టేసి, గుమ్మంలోకి వచ్చాడు.

"దూరం పందెం. మౌని కొడుకు, ఆ ముసలి తెల్లదాని పిల్ల."

"ఎన్నోది?"

"మీరు సుద్ద తియ్యాల్సి వస్తుందండీ."

పెద్దమ్మ లేచింది. గీత గీసింది. మిగతా గీతలెంతుంటాయో అంతే ఉంది, పొడుగూ కాదు, లావూ కాదు. సీజను ముగిసేలోగా ఇంకో ఆరు గీసింది. మౌని ఫారంలోనే ఉండిపోయింది. ఆ ఆరు మంచి తల్లుల పిల్లలు అప్పటికింకా పుట్టనే లేదు.

చివరి నెలలో మూడేళ్ళ గుర్రాలకు పెట్టే అన్నిటికన్నా పొడవైన పందెంలో మౌని కూతురు ఒకటి పరుగెత్తింది. పెద్దాయన కారు పంపాడు. ముప్ఫై ఏళ్ళలో పెద్దమ్మ పందెం చూడటం అదే మొదలు. పెదనాన్న, నేను పక్కన కూర్చున్నాం. చివరి మలుపు దాకా ఆ పిల్ల ఏడోది. చుట్టూ అందరూ రౌతుల రంగు చొక్కాలు చూస్తున్నారు, పెద్దమ్మ కాళ్ళు చూస్తోంది. "ఇప్పుడు చాపుతుంది" అంది, ఎవరికీ కాదు. పిల్ల అడుగు చాపింది. ఒక్కొక్కటే వెనకబడ్డాయి. గెలుపు గీత దగ్గర మెడంత ముందుంది.

పెదనాన్న కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"దిగండి, విరుగుతుంది" అంది పెద్దమ్మ.

మా వరసలోనే ఒక పెద్దమనిషి ఇటు తిరిగాడు. ఆయన చేతిలో కాగితం నలిగి ఉంది. "మీదా అమ్మా ఆ గుర్రం?"

"కాదు బాబూ. వాళ్ళ నాన్న మా దగ్గర ఉంటాడు."

ఆ మాట ఆమె నెమ్మదిగా అంది, అటు ఇటు రెండు వరసలకు వినిపించేలా. ఆయన లేచి ఆమెకు దారి ఇచ్చాడు. పక్కవాళ్ళూ మోకాళ్ళు పక్కకు జరిపారు. పెద్దమ్మ అందరి ముందు నుంచి నడిచి, మెట్లు దిగి, ఆ పిల్లను దగ్గర నుంచి చూడటానికి వెళ్ళింది.